కాలువ దాకా తోడు

నా చిన్నప్పుడు ఒక ఏడాది పాటు నేను మాట్లాడటం దాదాపుగా మానేశాను. అలిగి కాదు, మొండితనంతోనూ కాదు. నోరు విప్పితే నవ్వుతారని భయం.

అప్పటికి మేము కోదాడలో ఉండేవాళ్లం. మా నాన్న ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. ఎనభైల మొదట్లో మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. హైదరాబాదు తీసుకుపోయి పెద్ద దవాఖానలో చేర్చారు. పిల్ల దగ్గర ఉండకూడదన్నారట. నాన్న నన్ను పాలకీడు దగ్గర ఒక గూడెంలో మా నాయనమ్మ ఇంట్లో దింపి, ఆ సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు. అమ్మకు నయం కాగానే ఇద్దరం వచ్చి తీసుకుపోతామన్నాడు. ఎప్పుడు నయమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అది గుప్పెడు ఇళ్ల గూడెం. చుట్టూ సాగర్ కాలువ కింద పారే వరి పొలాలు, వాటి అవతల నాపరాతి గుట్టలు, మధ్యలో సన్నటి కాలిబాటలు. కోదాడకూ దానికీ మధ్య పెద్ద దూరం లేదు. కానీ మాట మాత్రం చాలా దూరం. మా ఇంట్లో, మా వీధిలో, ఆంధ్ర వైపు నుంచి వచ్చిన వాళ్ల నడుమ పెరిగిన నాకు ‘వెళ్దాం’, ‘రండి’, ‘ఎక్కడికి’ అనడం అలవాటు. గూడెం పిల్లలకు అది వింత. నేను ఒక మాట అంటే దాన్ని సాగదీసి, రాగం తీసి నలుగురూ తిరిగి అనేవాళ్లు. వాళ్లకు అది వేళాకోళమే, అందులో పగ ఏమీ లేదు. కానీ తల్లి దగ్గర లేని పిల్లకు అది వేళాకోళంలా వినిపించదు. మొదట తగ్గించి మాట్లాడాను. తర్వాత తల ఊపడంతో సరిపెట్టుకున్నాను. ఆ పైన అదీ అవసరం లేకుండా పోయింది.

మా నాయనమ్మ మంచిదే. కానీ ఆమెకు చెవుడు. పొలం పని చేసొచ్చి, దీపం పెట్టి, నాకింత అన్నం పెట్టి, తానింత తిని పడుకునేది. ఇంకా సరిగా చీకటి కూడా పడేది కాదు. నేను అరుగు మీద కూర్చునేదాన్ని.

ఆ వేళకే గూడెం పిల్లల ఆట మొదలయ్యేది. పొలాల మధ్య బండిబాట పక్కన ఒక పాడుబడిన మోటారు షెడ్డు ఉండేది. అందులో ఏదో తిరుగుతుందని అందరూ అనేవాళ్లు. చీకటి పడ్డాక వట్టి కాళ్లతో అక్కడిదాకా పరుగెత్తి, దాని గోడను ముట్టుకుని, మళ్లీ పరుగెత్తుకు రావడం వాళ్ల పందెం. నన్నెవరూ పిలవలేదు. నాకు చెప్పులుండేవి. చెప్పులేసుకున్న వాళ్లు ఆ బాట మీద పరుగెత్తలేరని వాళ్ల నమ్మకం. అరుగు మీద కూర్చుని ఆ పాదాల చప్పుడు దూరంగా పోవడం, కాసేపు అంతా మూగబోవడం, మళ్లీ దగ్గరకు రావడం వింటుండేదాన్ని. ఒకరోజు అలా వింటూ మా అమ్మ గొంతు ఎలా ఉండేదో తలుచుకోబోయాను. గుర్తుకు రాలేదు. ముఖం కనపడుతోంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పాతికేళ్లు కూడా ఉండవేమో. ఆమె భర్త మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీలు నడిపేవాడు. ఒకసారి బండి ఎక్కాడంటే వారాల తరబడి జాడ ఉండేది కాదు. అత్త పెద్దవూరలో పెద్దకొడుకు దగ్గర ఉండేది. ఇంకా పిల్లల్లేరు. ఉన్న కాస్త పొలం పని తానే చూసుకునేది. మనిషి పొడుగు, గట్టి చేతులు, మాట తక్కువ. ఆమె అరుగుకూ మా అరుగుకూ మధ్య తడిక అడ్డం, అంతే. అయినా అన్ని నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు.

ఒక సాయంత్రం ఆ అక్క పార భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. నాయనమ్మ చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. వరికి నీళ్లు వదిలే వంతు ఆమెకు సాయంత్రాలే వస్తోందట. చీకటి పడ్డాక కాలువ కాడికి ఒక్కతే పోవాలంటే భయంగా ఉందట.

“నీ మనవరాలిని జర తోడు పంపుతవా అవ్వా?” అంది.

నాయనమ్మ ఆమె వంక కొంచెంసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. “తీస్కపో” అని, ఇంక వేరే మాట లేకుండా లోపలికి వెళ్లి పడుకుంది.

చీకటంటే నాకే చచ్చేంత భయం. అంత పెద్దమనిషికి నేనేం తోడు? అయినా మాట్లాడటం మానేసిన దాన్ని కాబట్టి కాదనడానికీ నోరు రాలేదు. లేచి చెప్పులేసుకున్నాను. ఆ అక్క చూసి, చెప్పుల టపటపకు తనకు ఇంకా భయమవుతుందని, విడిచి రమ్మంది. విడిచాను. వాకిలి దాటగానే ఇంకో మాట అంది. ముందు నడవాలంటే తనకు గుండె దడగా ఉంటుందట, నన్నే ముందు నడవమంది.

అలా నేను ముందు, ఆమె వెనక. చేతిలో కందిలి కూడా లేదు. కిరసనాయిలు దొరకని రోజులు.

కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. కళ్లకంటే ముందు కాళ్లు అలవాటు పడ్డాయి. బండిబాటలో దుమ్ము మెత్తగా, ఎండ వేడి ఇంకా పోక గోరువెచ్చగా ఉండేది. బాట తప్పితే అంచున పల్లేరుకాయలు కసుక్కున దిగేవి. వెంటనే మళ్లీ మధ్యకు జరిగేదాన్ని. నాపరాయి పలక తగిలిందంటే గట్టు మలుపు వచ్చినట్టు. ఆ తర్వాత అరికాళ్ల కింద చల్లటి బురద మొదలైతే కాలువ దగ్గరపడినట్టు. ఇదంతా ఎవరూ చెప్పలేదు. పాదాలు వాటంతటవే నేర్చుకున్నాయి. ఈ రోజుల్లో ఏ పిల్లనైనా అలా వట్టి కాళ్లతో చీకట్లోకి పంపుతానా అంటే పంపను. పురుగూ పుట్రా ఉండే చోటు. కానీ అప్పట్లో అందరూ అలాగే తిరిగేవాళ్లు.

మోటారు షెడ్డు దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే ఆ అక్క కదలకుండా నిలబడింది.

“నాతోని గాదు. నువ్వు ముందు ఉరుకు. అవతల ఏం లేదని చెప్తె నేనొస్త.”

ఆ క్షణం నాకు బాగా గుర్తు. ఏడవాలనిపించింది. కానీ ఇంకొకరు భయపడుతుంటే, వాళ్లు మనల్నే నమ్ముకుని నిలబడితే, ఏడవడానికి వీలుండదు. పళ్లు బిగించి పరుగెత్తాను. షెడ్డు నా పక్క నుంచి నల్లగా దాటిపోయింది. అవతలికి పోయి ఆగి, రొప్పుతూ వెనక్కి తిరిగాను. ఇప్పుడు పిలవాలి. పిలవాలంటే మాట్లాడాలి.

“రండి అక్కా, ఏమీ లేదు” అన్నాను.

ఎన్నాళ్ల తర్వాతో నా గొంతు నాకు వినిపించింది. ఆ అక్క నవ్వలేదు. ఆ ‘రండి’ని సాగదీయలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తుకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తన చెయ్యి చల్లగా ఉంది. భయం వల్లేనని అనుకున్నాను.

ఆ తర్వాత నీళ్ల వంతు వచ్చిన ప్రతి సాయంత్రం వెళ్లేవాళ్లం. వంతు లేని సాయంత్రాల్లో కూడా గట్టు తెగిందేమో చూసి రావాలని ఏదో ఒకటి చెప్పి పిలిచేది. షెడ్డు దగ్గర మొదలైన పరుగు మెల్లగా బాట మొత్తానికీ పాకింది. గూడెం దాటగానే నేను పరుగందుకునేదాన్ని. చీకట్లో బాట కనపడదు, పాదాల కింద మాత్రం ఉంటుంది. చెవుల పక్కన గాలి, రెండు వైపులా వరి వాసన, వెనక ఆ అక్క గాజుల చప్పుడు. అంత హాయిగా ఆ ఏడాదిలో ఇంకెప్పుడూ లేను.

ఆమె గట్టుకు గండి తీసి నీళ్లు మడిలోకి వదిలాక, మడి నిండేదాకా తూము మీద కూర్చునేవాళ్లం. అక్కడ ఆమె నన్ను మాట్లాడించేది. ఎక్కువగా కోదాడ గురించే అడిగేది. పెద్ద రోడ్డు ఎట్లుంటది, లారీలు ఎక్కడ ఆగుతాయి, డ్రైవర్లు ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు. మా మిల్లు ముందర ఆగే లారీలు, ముంతల్లో నీళ్లు పట్టుకుని ముఖాలు కడుక్కునే డ్రైవర్లు, రాత్రిళ్లు హోటళ్ల ముందు వరసగా వేసిన నులక మంచాలు, నాకు తెలిసినవన్నీ చెప్పేదాన్ని. ఎంత చెప్పినా ఇంకా అడిగేది. తన భర్త ఆ మంచాల్లో ఒకదాని మీద ఉంటాడని ఊహించుకునేదని నాకప్పుడు తట్టలేదు. నేను మా అమ్మ గురించి చెప్పాను. గొంతు గుర్తుకు రావట్లేదని కూడా చెప్పాను. ఆమె ఓదార్చలేదు. మీ అమ్మ పక్కకొచ్చి నిలబడగానే గొంతు గుర్తొచ్చేస్తదిలే అంది, అంతే.

ఒకసారి మేము పరుగెత్తుతుంటే గూడెం పిల్లలు షెడ్డు దగ్గర ఆగి చూశారు. మర్నాడు బడికి పోయే దారిలో ఒక పిల్ల వచ్చి, ఆటకు వస్తవా అని అడిగింది. వెళ్లాను కూడా. కానీ నాకు ఆ అక్కతో వెళ్లడమే ఇష్టంగా ఉండేది. ఆమెకు నా అవసరం ఉందని నా గర్వం.

చలికాలం వెళ్లిపోతుండగా మా బడి ఉన్న ఊళ్లో ఒక పెళ్లి జరిగింది. గూడెం మొత్తం ట్రాక్టరెక్కి మధ్యాహ్నమే వెళ్లిపోయింది. నాయనమ్మకు ముందురోజు నుంచీ జ్వరం, అందుకని మేమిద్దరం ఉండిపోయాం. నీళ్ల వంతు పోతుందని పక్కింటి అక్క కూడా ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆమె నన్ను పిలవలేదు. నాయనమ్మ దగ్గరే ఉండమని, తను ఎట్లనో పోయి వస్తనని చెప్పి వెళ్లింది. నేను ఆమె కోసం బెంగపడ్డాను. షెడ్డు ఎలా దాటుతుందో అనుకున్నాను.

చీకటి పడుతుండగా నాయనమ్మకు చలి ముంచుకొచ్చింది. పళ్లు టకటకలాడుతున్నాయి. ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోతోంది. తర్వాత ఒళ్లు పెనంలా కాలడం మొదలైంది. నన్ను మా మేనత్త పేరు పెట్టి పిలిచింది. ఆ మేనత్త నేను పుట్టకముందే పోయింది. గూడెంలో ఇంకో మనిషి లేదు. తలుపు దగ్గరకు వేసి, అక్క కోసం కాలువ వైపు పరుగెత్తాను.

ముందు పరుగెత్తడం నాకు కొత్త కాదు. వెనక గాజుల చప్పుడు లేకపోవడమే కొత్త. బాట అదే, దుమ్ము అదే, రాళ్లు అవే. అయినా ఆ చప్పుడు లేక పొలాలన్నీ ఒక్కసారి పెద్దవైపోయినట్టు అనిపించింది.

ఆమె కోసం కాలువ దాకా పోనక్కర్లేకపోయింది. మోటారు షెడ్డు గోడకు ఆనుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, పార పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మడి నిండేదాకా అక్కడే కాలక్షేపం చేస్తున్నట్టుంది. ఇంటి అరుగు మీద కూర్చున్నంత తీరుబడిగా ఉంది. నా అడుగుల చప్పుడు విని ఎవరని అడిగింది. ఆ గొంతులో ఏ వణుకూ లేదు. నాకు అర్థమైంది. కానీ అది అడిగే సమయం కాదు. ఏడుస్తూ సంగతి చెప్పాను. ఆమె పార అక్కడే వదిలేసి, నన్ను దాటుకుని, నాకంటే ముందు పరుగెత్తింది. ఆమె అంత వేగంగా పరుగెత్తగలదని నాకు అప్పటిదాకా తెలియదు. చీకట్లో ఒక్కచోట కూడా తడబడలేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఒక్కరు మనిషి దగ్గర ఉండాలి, ఒక్కరు పెళ్లింటికి పోయి ట్రాక్టరు తేవాలి. నన్ను దగ్గరకు తీసుకుని, నా కళ్లలోకి చూసి అడిగింది.

“ఈడ ఉంటవా, ఊళ్లెకు పోతవా? ఏదైనా సరె. నీకు ఏది అయితదో చెప్పు.”

ఊరి బాట బడికి పోయే బాటే, కానీ చీకట్లో ఎన్నడూ పోలేదు. నాయనమ్మ మళ్లీ ఆ చనిపోయిన మేనత్తను పిలిచింది. ఆ పిలుపు వింటూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. పోతానన్నాను.

ఆ పరుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏ దయ్యమూ కనపడలేదు, ఏ పురుగూ కరవలేదు. దారి పొడుగునా నేను ఒక్కతినే. పెద్దయ్యాక నేను చాలాసార్లు ఒంటరిగా ఉన్నాను కానీ, అంత ఒంటరితనం మళ్లీ ఎరగను. పైన చుక్కలు, కింద నా పాదాలు, లోపల నా ఊపిరి. దూరంగా పెళ్లి పందిరి దీపాలు కనపడ్డాక వాటి మీదే చూపు పెట్టి పరుగెత్తాను. మోకాళ్ల దాకా దుమ్ముతో పందిట్లోకి వెళ్లి, వచ్చిన భాషలో వచ్చినట్టు చెప్పేశాను. ఒక్కరు కూడా నవ్వలేదు. ట్రాక్టరు ఆయన విస్తరి ముందు నుంచి లేచాడు.

ఆ రాత్రే నాయనమ్మను మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. మలేరియా అన్నారు. మంచంలోనే కొన్నాళ్లుండి, కోలుకుని, మళ్లీ పొలానికి పోయింది. ఒకసారి నా తల నిమిరి పనిలో పడింది. ఆమె తీరే అంత.

ఆ తర్వాత నీళ్ల వంతు వచ్చిన సాయంత్రం ఇద్దరం తూము మీద కూర్చున్నప్పుడు అడిగాను. మీకు చీకటంటే భయం లేదు కదా అక్కా, మరి నన్నెందుకు రమ్మన్నారని. ఆమె నీళ్లలో కాళ్లు ఆడిస్తూ చెప్పింది.

“చీకటికేం భయం. పుట్టినకాడికెల్లి పొలాలల్లనె తిరిగిన. నువ్వు అరుగు మీద ఒక్కదానివే కూసుంటుంటివి. తడికకు ఈ పక్క నేనొక్కదాన్నె కూసుంటుంటి. ఊరికె రమ్మంటె వస్తవో రావో. భయమైతది అంటె వస్తవనుకున్న.”

మోసపోయినట్టు అనిపించింది, అంతలోనే ఆమె దగ్గరకు జరగాలనీ అనిపించింది. ఆమే మళ్లీ అంది.

“ఉత్త అబద్ధం గూడ కాదు. పొలంల నాకేం కాదు. పొద్దుగూకినంక ఇంటి తాళం తీసి లోపలికి పోవాలంటె, గప్పుడు నిజంగనె భయమైతది.”

ఒక పెద్దమనిషి నాలాంటి పిల్లతో అలాంటి మాట చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. పెద్దవాళ్లకు ఏమీ కాదని, ఒంటరితనం పిల్లల జబ్బని అనుకునేదాన్ని. ఆ సాయంత్రం ఆమెతో పాటు ఆమె ఇంట్లోకి వెళ్లి, దీపం వెలిగించేదాకా ఉండి వచ్చాను.

ఎండాకాలంలో అమ్మకు నయమై నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ రోజు పక్కింటి అక్క అత్తను చూడటానికి పెద్దవూర వెళ్లింది. చెప్పకుండానే వచ్చేశాను. కోదాడలో మా అమ్మ వాకిట్లో నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ గొంతు విన్నాక మిగతావన్నీ కొన్నాళ్లు మరిచిపోయాను. దసరాకు గూడెం వెళ్లేసరికి ఆ ఇల్లు ఖాళీగా ఉంది. భర్త మేళ్లచెరువులోనే గది తీసుకుని ఆమెను తోడుకుపోయాడట. మంచిదే కదా అనుకున్నాను, కానీ ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. తొంభైల్లో నాయనమ్మ పోయినప్పుడు మళ్లీ వాకబు చేశాను. ఎటో ఉత్తరాది వైపు వెళ్లారన్నారు. అంతకు మించి ఎవరికీ తెలియదు. నేను మళ్లీ ఆమెను చూడలేదు.

పెద్దయ్యాక సూర్యాపేటలో బడిపంతులమ్మనయ్యాను. కొత్తగా చేరి నోరు విప్పని పిల్ల ప్రతి ఏడూ ఒకతైనా ఉండేది. ఎవరినీ దగ్గరకు పిలిచి ఎందుకు మాట్లాడవని అడగలేదు. మెట్లు దిగుతుంటే కళ్లు తిరుగుతున్నాయి, నా చెయ్యి పట్టుకుంటావా అని అడిగేదాన్ని. నాకు కళ్లు తిరిగేవి కావు. ఆ అక్క నేర్పిన దాంట్లో ఆ సగం నాకు వెంటనే అబ్బింది, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పనికొచ్చింది. తన భయాన్ని తానే ఒప్పుకుని చెప్పిన రెండో సగమే అబ్బలేదు.

మా ఆయన పోయాక ఏడాది పాటు అందరికీ బాగానే ఉన్నానని చెప్పాను. టీవీ పెట్టుకుని చూడకుండా కూర్చునేదాన్ని. పక్కవాటాలో కిరాయికి ఒక అమ్మాయి దిగింది. ఆమెను పిలవడానికి రోజుకో సాకు అల్లుకునేదాన్ని. కుళాయి తిరగట్లేదనో, సీసా మూత రావట్లేదనో. ఏదీ నోటి దాకా రాలేదు. ఒక సాయంత్రం వెళ్లి తలుపు తట్టాను. సాకులేవీ చెప్పలేదు.

“ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానమ్మా. కాసేపు వచ్చి కూర్చుంటావా?” అన్నాను.

ఆమె పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, వచ్చి కూర్చుంది.